మలుపు తప్పింది, ఏమీ కాలేదు. రిపోర్టు రాయాలా?

ప్రశ్న:

సార్, నన్ను మీ అమ్మాయిలా అనుకుని సమాధానం చెప్పండి. ఒక ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా చేరి ఏడాది కావస్తోంది. రెండు వారాల కిందట టాక్సీ చేస్తుండగా, అంటే విమానాన్ని నేల మీద రన్‌వే వైపు నడుపుతుండగా, టవర్ వాళ్ళు మా రన్‌వే మార్చి, పక్కనున్న సమాంతర రన్‌వే ఇచ్చారు. దాంతోపాటు టేకాఫ్ తర్వాత వెళ్ళాల్సిన దారి, అంటే సిడ్ కూడా మార్చారు. ఆ రన్‌వే నుంచి ఒకే పేరుతో, చివరి అక్షరం మాత్రమే తేడాగా రెండు సిడ్‌లు ఉన్నాయి. నేను విమానం కంప్యూటర్‌లో తప్పుది ఎంచుకున్నాను. కెప్టెన్ గారు స్క్రీన్ చూసి ఓకే అన్నారు. గాల్లోకి లేచాక విమానం కుడికి తిరగాల్సింది ఎడమకు తిరగడం మొదలుపెట్టింది. కంట్రోలర్ వెంటనే అడిగాడు. కెప్టెన్ గారు కంప్యూటర్ దారిని వదిలి, హెడింగ్ (తామే ఎంచుకున్న దిశ) తీసుకుని కుడికి తిప్పారు. అదృష్టం బాగుండి ఆ సమయంలో పక్క రన్‌వే నుంచి ఎవరూ బయల్దేరలేదు.

దిగాక ఆయన, "ఏమీ కాలేదుగా, రిపోర్టులూ అవీ వద్దు, వదిలేయ్" అన్నారు. ఆయన మంచివారు, నాకు చాలా నేర్పారు. అప్పటి నుంచి ప్రతిదీ నాలుగైదుసార్లు చూస్తున్నాను, అయినా నమ్మకం కుదరట్లేదు. ఆ చూడటంలో మిగతా పనుల్లో వెనకబడుతున్నాను. నేను ఈ ఉద్యోగానికి పనికొస్తానా? ఇప్పుడు రిపోర్టు రాయాలా? రాస్తే ఆయనకు ఇబ్బంది అవుతుందా?

— ఒక ఫస్ట్ ఆఫీసర్

సమాధానం:

అమ్మా,

రిపోర్టు రాయి. ఇవాళే రాయి. మిగతా ప్రశ్నలకూ జవాబు చెబుతాను గానీ, అవి నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగకూడదు.

"ఏమీ కాలేదు" అన్న మాట దగ్గర కాస్త నిలబడదాం. సమాంతర రన్‌వేల నుంచి ఒకేసారి విమానాలను వదిలేటప్పుడు, నేల విడవగానే రెండు దారులూ ఒకదానికొకటి దూరం జరగాలని అంతర్జాతీయ నియమం. సాధారణంగా ఆ తేడా కనీసం 15 డిగ్రీలు ఉంటుంది. రెండు రన్‌వేల మధ్య కిలోమీటరు దూరం ఉందనుకో. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో ఉన్న విమానం పక్క రన్‌వే వైపు 30 డిగ్రీలు తిరిగితే ఆ కిలోమీటరు దాటడానికి పాతిక సెకన్లు చాలు. కంట్రోలర్ చూడాలి, మాట్లాడాలి, మీరు వినాలి, అర్థం చేసుకోవాలి, విమానాన్ని తిప్పాలి. ఇవన్నీ ఆ పాతిక సెకన్లలోనే జరగాలి. మీ విషయంలో కంట్రోలర్ కళ్ళు స్క్రీన్ మీద ఉన్నాయి, మీ కెప్టెన్ చేయి ఆలస్యం చేయలేదు. ఆ రెండూ మెచ్చుకోవాల్సినవే. పక్క రన్‌వే ఖాళీగా ఉండటం మాత్రం ఎవరి గొప్పా కాదు, ఆ నిమిషానికి అలా కలిసొచ్చింది.

ఏమీ కాని సంఘటన గురించి రాయకపోతే ఏమవుతుందో, రాసినా అది నలుగురికీ చేరకపోతే ఏమవుతుందో 1974లో తెలిసింది. డిసెంబర్ 1న టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో దిగడానికి వస్తూ మౌంట్ వెదర్ అనే కొండను ఢీకొంది. లోపలున్న 92 మందీ చనిపోయారు. అప్రోచ్‌కి, అంటే రన్‌వే వైపు దిగే దారికి, అనుమతి ఇచ్చారంటే ఇక కిందికి దిగిపోవచ్చు, కొండల సంగతి కంట్రోలర్ చూసుకున్నాడు అని పైలట్లు అనుకున్నారు. కంట్రోలర్ ఉద్దేశం అది కాదు. దీనికి ఆరు వారాల ముందు అదే అప్రోచ్‌లో యునైటెడ్ విమానం ఒకటి అచ్చంగా ఇలాగే పొరబడి, కొండను కొద్దిలో తప్పించుకుంది. ఆ పైలట్లు దాచలేదు, తమ సంస్థకు చెప్పారు. సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. ఆ హెచ్చరిక పక్క సంస్థ పైలట్ల చెవిన మాత్రం పడలేదు.

ఆ ప్రమాదం మీద జరిగిన దర్యాప్తు తర్వాతే 1976లో అమెరికాలో పైలట్లూ కంట్రోలర్లూ తమ పొరపాట్లను తామే రాసి పంపే విధానం వచ్చింది. దాన్ని నడిపే బాధ్యత నాసాకు అప్పగించారు, ఎందుకంటే శిక్షలు వేసే చేతికే ఉత్తరం ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు. పది రోజుల్లోగా రాస్తే, అది కావాలని చేసింది కాకపోతే, నేరమో ప్రమాదమో జరగకపోతే, నియమం తప్పినందుకు సాధారణంగా జరిమానా గానీ లైసెన్సు సస్పెన్షన్ గానీ ఉండదు. రాసినవాళ్ళ పేర్లు తీసేసి, విషయాన్ని అందరికీ అందుబాటులో పెడతారు. నీలాంటి వాళ్ళు రాసిన ఆ ఉత్తరాల్లో టేకాఫ్ తర్వాత దారి తప్పినవి ఎన్నో. రన్‌వే మారింది, సిడ్ మార్చడం మరిచాం, లేదా పొరపాటున పక్కది వేశాం. చదువుతుంటే అన్నీ ఒకే ఇంటి కథల్లా ఉంటాయి.

ఇక మీ కెప్టెన్ సంగతి. ఆయనకు తెలియకుండా రాయకు. ఫోన్ చేసి, "సార్, ఆ రోజు జరిగినదాని మీద నేను రిపోర్టు పెడుతున్నాను. మీరు కూడా మీ వైపు నుంచి రాస్తే బాగుంటుంది, కావాలంటే కలిసి రాద్దాం" అని చెప్పు. అనుమతి అడగకు, చెప్పు. క్లియరెన్స్ నుంచి, అంటే కంట్రోలర్ ఇచ్చిన అనుమతి నుంచి, పక్కకు పోవడం చాలా దేశాల్లో తప్పనిసరిగా రాయాల్సిన వాటిలో ఉంటుంది. యూరప్‌లో అయితే 72 గంటల గడువు కూడా ఉంది. నీకు రెండు వారాలు గడిచాయి. మీ నియమం ఏ గడువు చెప్పినా, ఆలస్యమైందని మొదటి వాక్యంలోనే ఒప్పుకుని రాయి. ఆయనకు ఇబ్బంది అవుతుందా అన్నావు. ఆ కంట్రోలర్ తన వైపు నుంచి ఇప్పటికే రాసి ఉండవచ్చు. పైగా 27,000 కిలోలు దాటిన విమానాలు నడిపే సంస్థలు విమానంలో నమోదైన ఫ్లైట్ డేటాను క్రమం తప్పకుండా పరిశీలించాలని అంతర్జాతీయ ప్రమాణం. ఆ మలుపు ఎక్కడో ఒకచోట నమోదయ్యే ఉంటుంది. అటు నుంచి కాగితం వచ్చి, ఇటు నుంచి ఏమీ లేకపోతే, అప్పుడు ఆయనకు నిజంగా ఇబ్బంది. ఒక అక్షరం పొరపాటుగా ఉన్నది దాచిన విషయంగా మారిపోతుంది. ఆయన మీద నీకున్న గౌరవం నిజమైతే ఈ మాట ఆయనకు నువ్వే చెప్పాలి.

నువ్వు పనికొస్తావా? నేను చాలా ఏళ్ళు శిక్షణ ఇచ్చే సీట్లో కూర్చున్నవాణ్ణి. పనికిరానివాళ్ళు ఇలాంటి ఉత్తరాలు రాయరు, "ఎవరూ చూడలేదు" అని ఊరుకుంటారు. సిడ్ పేరులో ముందు ఒక పాయింట్ పేరు, తర్వాత అంకె, చివర దారిని తెలిపే అక్షరం ఉంటాయి. పేరూ అంకే ఒకటే అయినప్పుడు, టాక్సీ చేస్తున్న విమానంలో తల దించి జాబితాలో వెతికే కన్ను చివరి అక్షరాన్ని తప్పుగా పట్టుకోవడం వింతేమీ కాదు. దాన్ని పట్టుకోవడానికే పక్క సీట్లో ఇంకొకరు ఉన్నారు. ఆయన చూశారు కూడా. కానీ దేన్ని చూశారు? నువ్వు వేసినదాన్నే చూశారు. స్క్రీన్ మీద సిడ్ ఉంది, రన్‌వే ఉంది, గీత తెగకుండా ఉంది, ఓకే. క్లియరెన్స్ రాసుకున్న కాగితంతో గానీ ఆ దారి గీసి ఉన్న చార్టుతో గానీ ఇద్దరిలో ఎవరూ పోల్చలేదు. నువ్విప్పుడు నాలుగైదుసార్లు చూస్తున్నావు కదా, అందులోనూ ఇదే లోపం ఉంది. తను రాసిన ఉత్తరంలో తప్పు తనకే కనపడనట్టు, నువ్వు వేసినదాన్ని పదిసార్లు చూసినా అదే కనబడుతుంది. ఒక్కసారి చూడు, కానీ వేరే చోట రాసి ఉన్నదానితో పోల్చి చూడు.

2015 మార్చి 10న సిడ్నీ నుంచి కౌలాలంపూర్ బయల్దేరిన ఎయిర్‌ఏషియా ఎక్స్ ఏ330 విమానం గురించి శిక్షణలో విని ఉంటావు. విన్నా ఆస్ట్రేలియా దర్యాప్తు నివేదిక తీసి పూర్తిగా చదువు. గేటు దగ్గర ఆగిన విమానానికి అది ఎక్కడుందో చెప్పాలి. అక్కడి రేఖాంశం తూర్పు 151 డిగ్రీల 9.8 నిమిషాలు, అంటే 15109.8 అని కొట్టాలి. కెప్టెన్ 01519.8 కొట్టారు. ముందు ఒక సున్నా చేరింది, ఒక అంకె జారింది. దాంతో విమానం తాను 11,000 కిలోమీటర్ల అవతల, ఆఫ్రికా దక్షిణ కొస దరిదాపుల్లో ఉన్నాననుకుంది. ఆ రోజు ఇద్దరూ పనులు మార్చుకున్నారు. బయట చుట్టి చూసే పని ఫస్ట్ ఆఫీసర్ తీసుకుంటే, లోపల కాక్‌పిట్ సిద్ధం చేసే పని కెప్టెన్ మీద పడింది. ఆ అంకెలను ఇంకొకరు విడిగా సరిచూసిన దాఖలా లేదు.

విమానం ఊరుకోలేదు, చెబుతూనే ఉంది. నేల మీద ఉండగానే సందేశాలు, శబ్దాలు వచ్చాయి. లేచాక నేల దగ్గరపడుతోందన్న హెచ్చరిక కూడా మోగింది. ఒక్కోదానికీ ఆ క్షణానికి ఏదో ఒక సర్దుబాటు దొరికింది. 16 కుడి రన్‌వే నుంచి లేచిన విమానం ఎడమకు తిరిగి, పక్కనే సమాంతరంగా ఉన్న 16 ఎడమ రన్‌వే నుంచి బయల్దేరే దారికి అడ్డంగా పోయింది. నీ మలుపు లాంటిదే. ఆ తర్వాత గాల్లోనే నావిగేషన్ కంప్యూటర్లను సరిచేయబోయి ఉన్న వ్యవస్థల్లో కొన్నిటిని పోగొట్టుకున్నారు. వెనక్కి సిడ్నీకి వద్దామంటే అక్కడ మబ్బులు కిందికి దిగాయి. చివరికి మెల్‌బోర్న్‌లో దించారు. రన్‌వే మీదికి రాగానే కిటికీ బయట కనిపిస్తున్నదీ, మ్యాప్ మీద విమానం గుర్తు ఉన్న చోటూ ఒకటేనా అని ఒక్క చూపు పోల్చి ఉంటే అక్కడే ఆగేవారు.

ఇంకోటి నీకు మరీ దగ్గరిది, ఎందుకంటే అందులో కో-పైలట్ పాత్ర ఉంది. 1989 సెప్టెంబర్ 3, బ్రెజిల్‌లో మరబా నుంచి బెలెం వెళ్ళే వరిగ్ 254, బోయింగ్ 737. ఫ్లైట్ ప్లాన్ కాగితం మీద దిశ 0270 అని అచ్చయింది. చివరి సున్నా దశాంశ స్థానం. అంటే 27 డిగ్రీలు, ఉత్తరానికి కాస్త తూర్పుగా. కెప్టెన్ దాన్ని 270గా చదివి సూటిగా పడమర పెట్టారు. కో-పైలట్ తన వైపు దిశ పెట్టేటప్పుడు కాగితం చూడలేదు, కెప్టెన్ వైపున్న అంకె చూసి అదే పెట్టారు. బయల్దేరింది సాయంత్రం. బెలెం వైపు పోతుంటే దిగే పొద్దు ఎడమ పక్కన ఉండాలి. ఆ రోజు అది ముందు అద్దంలో ఉంది. ఇద్దరి కళ్ళలోనూ వెలుగు పడుతున్నా రెండు అంకెలూ ఒకేలా ఉండటంతో అనుమానం రాలేదు. గంటలోపు ముగియాల్సిన ప్రయాణం మూడు గంటలకు పైగా సాగి, చీకట్లో ఇంధనం అయిపోయి, అమెజాన్ అడవి మీద విమానాన్ని దించాల్సి వచ్చింది. చాలామంది బతికారు, కొందరు పోయారు. సాయం చేరడానికి రెండు రోజులు పట్టింది. రెండు పరికరాలూ ఒకటే చూపిస్తున్నాయంటే రెండూ ఒప్పని కాదు. ఒకదాన్ని చూసి ఇంకొకటి పెట్టారేమో కూడా.

కాబట్టి నువ్వు మార్చుకోవాల్సిన అలవాటు ఇది. సిడ్ వేశాక నువ్వే చదివి నువ్వే ఒప్పుకోకు. చార్టు ఒకరి చేతిలో ఉండాలి, కంప్యూటర్ ముందు ఇంకొకరు ఉండాలి. చార్టు పట్టుకున్నవాళ్ళు కంప్యూటర్ వైపు చూడకుండా పైకి చదవాలి: మొదటి పాయింట్ పేరు, అక్కడికి ట్రాక్ (పోవాల్సిన దారి దిశ), దూరం, మొదటి మలుపు కుడికా ఎడమకా, ఏ ఎత్తు దగ్గర ఎక్కడం ఆపాలి. రెండోవాళ్ళు కంప్యూటర్‌లో కనబడేది జవాబుగా చెప్పాలి. చివరి అక్షరాన్ని "ఆల్ఫా" అనో "బ్రావో" అనో నోటితో పలకాలి, కంట్రోలర్ ఇచ్చినట్టు కాగితం మీద రాసుకున్నదానితో కలవాలి. దీనికి నిమిషం కూడా పట్టదు. కెప్టెన్ స్క్రీన్ చూసి ఓకే అన్నా, "సార్, చార్టు నుంచి ఒకసారి చదువుతారా" అని అడగడం నీ హక్కు. మంచి కెప్టెన్‌కు ఆ మాట నచ్చుతుంది.

రన్‌వే మీద వరుసలో నిలబడ్డాక ఇంకో చూపు. ముందు రన్‌వే అంకె, దిక్సూచి ఒకటి చెబుతున్నాయా. మ్యాప్ మీద గీత ఏ పక్కకు వంగుతోంది. నోటితో అనుకో: "మొదటి మలుపు కుడికి." నీ ఆ టేకాఫ్‌లో ఈ ఒక్క మాట అనుకుని ఉంటే, ఎడమకు వంగిన గీత నీ కంటికి ముల్లులా గుచ్చుకునేది.

లేచాక స్క్రీన్ పైభాగంలో మోడ్ చూడు. కంప్యూటర్‌లోని దారి వెంట నడిపే మోడ్, అంటే బోయింగ్‌లో ఎల్‌నావ్, ఎయిర్‌బస్‌లో నావ్, నిజంగా పట్టుకుందా లేదా అని చదివి పైకి చెప్పు. పట్టుకుందని ఊహించుకోవడం ఎంత ప్రమాదమో 1983 సెప్టెంబర్ 1న కొరియన్ 007 విషయంలో ప్రపంచమంతా చూసింది. ఆంకరేజ్ నుంచి లేచాక ఇనర్షియల్ నావిగేషన్ (విమానం కదలికలను బట్టి అది ఎక్కడుందో లెక్కగట్టే పరికరం) చూపే దారిని పట్టుకోవాల్సిన ఆటోపైలట్ హెడింగ్‌నే పట్టుకుని పోయింది. గంటల తరబడి ఎవరూ గమనించలేదు. విమానం సోవియట్ గగనతలంలోకి పోయింది, వాళ్ళు కూల్చేశారు. 269 మంది పోయారు. ఇప్పటి విమానాలు అలా తేలిగ్గా జారిపోవు. బయల్దేరే దారుల్లో ఎక్కువగా వాడే ఆర్‌నావ్ 1 అనే నావిగేషన్ ప్రమాణం ప్రకారం, ప్రయాణ సమయంలో 95 శాతం గీతకు ఒక నాటికల్ మైలు (సుమారు 1.85 కిలోమీటర్లు) లోపలే ఉండాలి. యంత్రం ఇచ్చిన గీతను అంత నిక్కచ్చిగా పట్టుకుంటుంది గనకే, ఇచ్చింది తప్పు గీతైతే అంతే నిక్కచ్చిగా తప్పు వైపు తీసుకెళుతుంది.

టాక్సీలో ఉండగా రన్‌వే మారడం నాకు ఎప్పుడూ నచ్చని విషయం. టవర్‌కు అది ఒక్క వాక్యం. మీకు మాత్రం సిడ్, టేకాఫ్ వేగాలు, ఫ్లాప్‌లు, ఇంజన్ ఆగితే పోవాల్సిన దారి, ఆగాల్సిన ఎత్తు, అన్నీ మొదటికొస్తాయి. కదులుతున్న విమానంలో ఒకరు తల దించి ఇవన్నీ మార్చుతుంటే, ఇంకొకరు దారి చూస్తూ నడుపుతుంటే, మిగిలిన రెండో చూపు ఎక్కడుంది? అందుకే "మాకు రెండు నిమిషాలు కావాలి" అని టవర్‌కు చెప్పు. అడ్డం లేని చోట ఆపి, పార్కింగ్ బ్రేక్ వేసి, బ్రీఫింగ్ మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోండి. వెనక విమానాలు ఆగుతాయి, ఆగనీ. స్లాట్, అంటే మీకిచ్చిన బయల్దేరే సమయం, పోతుంది, పోనీ. కొత్త పిల్లవి, ఈ మాట అనడానికి నోరు రాదని తెలుసు. రేపటి ఫ్లైట్‌లోనే కెప్టెన్‌తో ముందుగా ఒప్పందం చేసుకో: "రన్‌వే మారితే ఆగి చేద్దాం సార్." బయల్దేరకముందే అనుకున్న మాటను హడావిడిలో గుర్తుచేయడం తేలిక.

మళ్ళీ ఎప్పుడైనా విమానం అనుకోని వైపు తిరిగితే మీ కెప్టెన్ ఆ రోజు చేసిందే చెయ్యి. హెడింగ్ తీసుకో, సరైన వైపుకు తిప్పు, ఎక్కడం ఆపకు, కంట్రోలర్‌కు చెప్పు. ఎందుకు తిరిగిందో తెలుసుకోవాలని ఆ ఎత్తులో కంప్యూటర్‌లో తవ్వకు. సిడ్నీ నుంచి లేచినవాళ్ళ కష్టాలు పెరిగింది అక్కడే. రాడార్ హెడింగ్, అంటే ఏ దిశలో పోవాలో, అడిగితే కంట్రోలర్ ఇస్తాడు, అడగడంలో చిన్నతనం లేదు. సరిచేసుకోవడం పైకి వెళ్ళి, కుదురుకున్నాక.

రిపోర్టులో ఏం రాయాలంటే, జరిగింది జరిగినట్టు. క్షమాపణలు వద్దు, "నా నిర్లక్ష్యం వల్ల" లాంటి మాటలూ వద్దు, కెప్టెన్ గురించి తీర్పులూ వద్దు. రన్‌వే మార్పు ఎక్కడ, ఏ సమయంలో చెప్పారు. అప్పటికి రన్‌వే చివరకు ఎంత దూరంలో ఉన్నారు. క్లియరెన్స్‌లో ఏ సిడ్, కంప్యూటర్‌లో ఏ సిడ్. ఎవరు వేశారు, ఎవరు చూశారు, దేనితో పోల్చారు, దేనితో పోల్చలేదు. ఏ ఎత్తులో మలుపు మొదలైంది, కంట్రోలర్ ఏమన్నాడు, తిరిగి దారికి రావడానికి ఎంతసేపు పట్టింది. ఆ రోజు అది ఎన్నో ఫ్లైట్, ఎన్ని గంటల నిద్ర తర్వాత, అదీ రాయి.

అన్నిటికంటే ముఖ్యంగా ఆ రెండు సిడ్‌ల పేర్లు పక్కపక్కన రాసి, ఒకే రన్‌వే నుంచి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి తిరుగుతాయని విడిగా ఒక పేరాలో చెప్పు. పేరు మార్చమనో, ఒకదాన్ని ఆ రన్‌వేకు ఇవ్వవద్దనో అడిగే పని నీ సంస్థ భద్రతా విభాగానిది, ఆ దారులు గీసినవాళ్ళది. వాళ్ళకు అడగడానికి ఆధారం కావాలి, ఆ ఆధారం నీ దగ్గరుంది. మీ సంస్థలోనే ఆ రన్‌వే నుంచి రేపు బయల్దేరేవాళ్ళకు అప్పటిదాకా ఒక నోటీసు పెట్టమని కూడా అడుగు.

పంపాక రిపోర్టు నంబరు దగ్గర పెట్టుకో. నెల దాటినా జవాబు రాకపోతే ఆ నంబరు చెప్పి భద్రతా విభాగాన్ని అడుగు, ఆ నోటీసు వచ్చిందో లేదో కూడా చూడు. రాకపోతే మళ్ళీ రాయి.